పదిహేడో పలక

యనమలకుదురు ఇసుక రేవులో
ముందు తగిలింది బాజీ జేసీబీ పంటికి.
రాయైతే ఖణేల్‌మనేది,
ఇది దగ్గింది, అన్నాడు తర్వాత నాతో.
ఇంజను ఆపి, దిగి, చెప్పులు విడిచి
గోటితో గీరి చూశాడట:
నల్లటి చెక్క, జున్నంత మెత్తన.
ఆ రోజు ట్రిప్పుల డబ్బులు ఓనరు కోసేశాడు.

నా పని రిజిస్టరు.
వరస నంబరు, పొడవు, మందం, చెక్క జాతి, స్థితి.
వేసవంతా గోనెపట్టాల నీడన
చెంచాతో ఏటిని తవ్వడం.
ఎండ తగిలితే చెక్క పగులుతుంది గనక
మేం ఎండి దాన్ని తడిపాం.

సరుకంతా ఏటిపాలు.
మిగిలినవి ఓ కూజా చెవి, గుప్పెడు గాజుపూసలు,
అడుగున బరువుకి వేసిన పల్నాటి రాళ్లు,
ఓ మూల బంకమట్టిలో నీలి మరక.
బట్టల మూట కుళ్లిపోయింది, నేత పోయింది, పోగు పోయింది,
రంగొక్కటే మొండికేసి కూర్చుంది.
మరక పొడవు రాశాను.
మందం గడిలో అడ్డగీత పెట్టాను.

మేకన్నది ఒక్కటి లేదు.
గోనెసంచి మూతి కుట్టినట్టు
పలకను పలకకి తాడుతో కుట్టారు.
పదిహేడో పలక దగ్గర
బెజ్జాల వరసలో ఒకటి దారి తప్పింది
రెండు వేళ్ల కిందికి.
పుల్ల దిగ్గొట్టి దాన్ని మూసి, పక్కనే మళ్లీ తొలిచాడు
ఎవడో, ఏ కాలం వాడో.
స్థితి గడిలో 'పొరపాటు' అని రాశాను.
మేడం ఎర్ర సిరాతో కొట్టేసి 'మరమ్మతు' అని దిద్దారు.

అచ్చం దానిలాంటిదే కట్టమని ఉత్తర్వు వచ్చింది.
కృత్తివెన్ను నుంచి కొక్కిలిగడ్డ తాతారావు వచ్చాడు.
నక్షా కాగితం తలకిందులుగా పట్టుకున్నాడు.
తిప్పబోతే
"ఉండవయ్యా, నీళ్లకి పడవ కనపడేది ఇట్నించే" అన్నాడు.

ఆదెమ్మ తొడ మీద పీచు పేనింది.
పలక లోపల ఒకడు, బయట ఒకడు,
తాడు ఇటు దూరి అటు తేలి,
"లాగు"
"ఊఁ"
పొద్దున్నించి దీపాల వేళదాకా ఈ రెండే మాటలు.

పదిహేడో పలక రోజు
నేనేమీ చెప్పలేదు.
రిజిస్టరు మూసి ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను.
అక్కడ పడవ పొట్ట లోపలికి తిరుగుతుంది,
మోకాలు ఆనదు.
తాతారావు ఒరిగి, ఎడం చేత్తో తొలిచాడు.
రెండు వేళ్ల కిందికి పోయింది.
తిట్టాడు, ఎవర్నో తెలీదు.
పుల్ల చెక్కి దిగ్గొట్టి
పక్కనే మళ్లీ తొలిచాడు.

అప్పుడు చూపించాను, తొట్టి నీళ్లలో నానుతున్న పాత పలకని.
చాలాసేపు చూశాడు.
నీళ్లలో చెయ్యి పెట్టి ఆ పుల్ల మీద బొటనవేలు ఆనించాడు.
"ఈడిక్కూడా మోకాలు ఆనలేదు"
అన్నాడు, పక్కింటివాడి గురించి చెప్పినట్టు.

పడవ అయ్యేసరికి ఏట్లో నీళ్లు లేవు.
బ్యారేజీ కింద ఇసుకలో
తెరచాప చుట్టుకుని రెండు నెలలు నిలబడింది.
కుక్కలు దాని నీడన పడుకున్నాయి.
ఓ రాత్రి సైరను మోగింది, గేట్లు లేపారు.

తెల్లారేసరికి తేలింది. తేలుతూనే కుట్టు కుట్టునా కారింది.
డబ్బాలతో, చెంబులతో తోడాం, మేడం కూడా.
"తాగనీండి, పీచు తాగితేనే బిగిసేది"
ఆదెమ్మ తొందరపడలేదు.
మధ్యాహ్నానికి ఊటలు చుక్కలయ్యాయి,
చుక్కల మధ్య ఎడం పెరిగింది.
నేను పదిహేడో పలకకి వీపు ఆనించి
రిజిస్టరు తడవకుండా నెత్తిన పెట్టుకున్నాను.

పడమటి గాలి అందుకుంది.
తెరచాప ఒక్కసారి టపామని నిండింది.
హంసలదీవి వైపు ముక్కు తిప్పాడు తాతారావు.
గట్టు మీద బాజీ పరుగెత్తుతూ ఏదో అరుస్తున్నాడు.
సగం గాలికి పోయింది, సగం వినపడింది:
"...ఆ రోజు ట్రిప్పుల డబ్బులూ..."