మూడో నమూనా

మేం వండుతాం, తినం.
పైసందూ ఊళ్ళో, నది వాసన కిటికీదాకా వచ్చే
ఈ రెండు గదుల లాబ్‌లో మా పని అంతే.
సోమవారం కసాయి దుకాణం నుంచి కార్నె పికాదా వస్తుంది,
గొడ్డుమాంసం కీమా,
ఎర్రగా, తెగిన పురికొసల్లా, కాగితంలో చుట్టి.
ఉప్పు వెయ్యం. ఉల్లిపాయని చూపించనైనా చూపించం.

వంద గ్రాములు తూచి పెనం మీద వేస్తే
డెబ్బై రెండో, డెబ్బై అయిదో దిగుతుంది.
తక్కింది ఏమైందంటే
కొంత ఆవిరి,
కొంత పెనం అడుగున పేరుకునే తెల్లటి కొవ్వు.
అందుకే పచ్చి వందా, ఉడికిన వందా ఒకటి కావు.
నీళ్ళు పోయాక మిగిలింది చిక్కబడుతుంది,
చివరి రోజుల్లో మా నాన్న మాటల్లా.

మాంసకృత్తులు ఇరవై ఆరు గ్రాములు.
కొవ్వు పదిహేను.
పిండిపదార్థం దగ్గర పంతొమ్మిదేళ్ళుగా సున్నా చుడుతున్నాను.
సి విటమిన్ దగ్గర ఇంకో సున్నా:
అంత ఒళ్ళున్న జంతువు
ఒక్క నిమ్మచెక్క చేసే పని చెయ్యలేదు.

ఇనుము కోసం మాత్రం కాల్చాలి.
అయిదువందల యాభై డిగ్రీల కొలిమిలో, రాత్రంతా.
పొద్దున్నే మూత తీస్తే
మూసలో చిటికెడు బూడిద,
నా ఉంగరం బరువు కూడా తూగదు.
అందులో ఎక్కడో రెండున్నర మిల్లీగ్రాములు.
ఇంతకోసమా
ఆ ఎద్దు మూడేళ్ళు పచ్చిక మేసింది!

ప్రతిదీ మూడేసి గిన్నెల్లో వండుతాం.
ఒకటి అబద్ధమాడొచ్చు,
రెండు పోట్లాడుకోవచ్చు,
మూడోది తగువు తీరుస్తుంది.

జులై చలిలో ఒక పొద్దున
మూడో గిన్నె ఖాళీ.
తుడిచినంత శుభ్రంగా.
నేల తుడిచే ఓదిలియా గోడకి ఆనుకుని నిలబడింది,
ఏడో నెల,
పెదాలు మా వడపోత కాగితం రంగు.
"నీ పట్టికలో చదివాను, రక్తానికి మంచిదట," అంది.
ఆ మీదట,
తప్పు నాదే అన్నట్టు,
"బొత్తిగా ఉప్పే లేదు, నెలిదా."

పద్దు పుస్తకంలో ఒక గడి వదిలేశాను.
డాన్ వల్దెమార్ కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి
మూడోది ఏదన్నాడు.
పిల్లి, అన్నాను.
మా లాబ్‌లో పిల్లి లేదు.
పంతొమ్మిదేళ్ళలో ఒక్క పిల్లి కూడా లేదు.
ఆయన చాలాసేపు కిటికీలోంచి
నది మీద పోయే ఇసుక పడవని చూశాడు.

మరుసటి సోమవారం కాగితం పొట్లం
నూరు గ్రాములు ఎక్కువ తూగింది.
రసీదు మీద ఆయన సంతకం, ఎప్పటిలాగే వంకరగా.
నాలుగో గిన్నెకి చీటీ అంటించలేదు.
ఉప్పు వేశాను.
నిమ్మచెక్క మాత్రం ఏ పద్దు కింద రాయాలో తోచక
ఇంటినుంచి
కోటు జేబులో వేసుకొచ్చాను.