చేతులు

కిందటి అర. పదిహేడో ఫోల్డరు.
మెల్‌బోర్న్‌లో జూలై అంటే ఎముకలు కొరికే చలి.
మ్యూజియం నేలమాళిగలో హీటరు పెట్టనివ్వరు,
కాగితాలకి పడదట.
మా వేళ్లకి పడుతుందా అని ఎవరూ అడగరు.

ఇక్కడ పెన్ను నిషేధం. పెన్సిల్ ముక్కతో రాస్తున్నాను:
చలికాలపు కోటు. సిరా, నీటిరంగు. 1953.
ఫ్లిండర్స్ లేన్‌లో ఓ బట్టల కంపెనీ కోసం.
గీసినవారు ఈ. ట్రాస్క్.

మనిషి ఎంత పొడుగో!
తలని కొలతగా పెట్టి కిందిదాకా లెక్కేశాను,
పది తలలు పట్టింది.
ట్రామెక్కితే మెడ వంచుకు నిలబడాల్సిందే.
కళ్లున్న చోట రెండు గీతలు,
పెదవి దగ్గర ఓ ఎర్రచుక్క,
నొసటి కుంకుమ జారి పడ్డట్టు.
కోటు మాత్రం,
తడిబ్రష్షు ఒక్క లాగుతో దిగిన ఆకుపచ్చ.
భుజం మీంచి ఉన్ని ఎలా బరువుగా వాలుతుందో
కుట్టినవాళ్లకే తెలుస్తుంది.

చేతులు జేబుల్లో.

పదహారో ఫోల్డరు విప్పాను. చేతులు వీపు వెనక.
పదిహేనులో బొచ్చు తొడుగు లోపల.
పన్నెండులో పిల్ల మోచేతులదాకా టోపీ పెట్టెల చాటున.
ఇంతమంది అమ్మాయిలు,
ఒక్కర్తెకీ వేలు కనబడదు.
ఏం దాస్తున్నారే మీరంతా?

కాగితం తిప్పొద్దని ఎవరూ అనలేదు.
తిప్పమని ఫారంలో లేదు, అంతే.
తిప్పాను.

వెనకంతా చేతులు.
అరటి అత్తాల్లా వాచినవి,
పీతకాళ్లలా వంకర్లు పోయినవి,
ఆరో వేలు మొలిచినదొకటి, దాని పక్కనే
తనని తాను తిట్టుకున్న మాట, కొట్టేసి.
చెరిపి చెరిపి
ఉల్లిపొరలా పలచబడిన కాగితం.
మధ్యలో ఎక్కడో
గుడ్లు, కిరసనాయిలు, లెన్ బూట్లకి సోలు.

అట్టడుగున ఒక ఎడమచెయ్యి.
తనదే అయుండాలి, కుడిచేతిలో పెన్సిలుందిగా.
కొరికేసిన బొటనగోరు,
చూపుడువేలికి గుడ్డపీలిక కట్టు,
పిడికిలి కాదు, చాపిందీ కాదు,
ఎవరో పిలిస్తే అలాగే ఆగిపోయినట్టు.
అది కుదిరింది.
దాని కింద పేరు, ఈసారి పూర్తిగా:
ఈనిడ్ ట్రాస్క్.

రేపు ఫోటోలు తీసే వార్విక్
ముందువైపు చాలంటాడు.
నిజమే, మనకి కావాల్సింది కోటు.
ఫారం చివర 'ఇతర వివరాలు',
ఒకటిన్నర గీత చోటు.
పెన్సిలు చెక్కుకుని వంగాను,
నా ఎడమచెయ్యి ఎప్పుడో వెళ్లి
ఆ చెయ్యి పక్కన వాలి ఉంది.

చెమట మరక పడుతుంది, కాగితాలకి పడదు.
తీసి జేబులో పెట్టుకున్నాను.