బొటనవేలు

కోఠి గుజరాతీ గల్లీల
ఏడువందలు చెప్పిండు, ఐదువందల నలభైకి తెగింది.
ఐదు మీటర్ల నల్లటి వైరు,
కొసకు చిక్కుడుగింజంత కన్ను,
కంటి చుట్టూ ఆరు చిన్న దీపాలు.
"మోరీ పైపులకు తీస్కపోతరన్నా,
పడవకని ఎవ్వరడగలే" నవ్విండు దుకాణపాయన.
గ్యారంటీ ఎంత అంటే
"గల్లీ దాటెదాక" అన్నడు.

హుసేన్ సాగర్ జెట్టీ ఎన్క, రేకుల షెడ్డుల
పదకొండో నెంబరు పడవను దుంగల మీదికి ఎక్కిచ్చినం.
నీళ్ల మీదున్నన్ని దినాలు
పూటకు ఆరు బకెట్లు తాగింది.
ఏడికెల్లి తాగుతున్నదో చెప్పదు.

గఫార్ ఉస్తాద్ ఉన్నప్పుడు
స్క్రూడ్రైవర్ పిడి చెవుకు ఆనిచ్చుకొని
ఇంజను లోపలి ముచ్చట ఇనేటోడు.
ఈ బేరింగు ఏడుస్తున్నది,
ఆ వాల్వు అబద్ధమాడుతున్నది అనేటోడు.
ఎన్నడు తప్పు కాలే.
కానీ కారే నీటికి సప్పుడుండదు గద,
చెప్పులు బయట ఇడిసి
దొంగ లెక్క వస్తది.

ఫోను సుమేరు పట్టుకున్నడు.
అడుగుచెక్క బోల్టు ఒకటి ఇప్పి, ఆ బొక్కల నుంచి
నేను వైరు తోసిన.
మొదలు ఏం కానరాలే. పొగ. తర్వాత గ్రీసు మరక.
కన్ను బయటికి తీసి, దస్తీతోని తుడిసి, మళ్ల తోసిన.

ఇరవై రెండేండ్లు ఈ పడవ మీద నడిసిన,
దీని లోపల ఎట్లుంటదో ఎన్నడు చూడలే.
ఫైబరు పోగులు, నెరిసిన గడ్డం లెక్క.
గుర్రపుడెక్క ఏరొకటి ఎండి తాడైంది.
టికెట్టు చింపు. ఎర్ర గాజు ముక్క.
ఏ పిల్ల పట్టీదో, ఊడిన మువ్వ.
"భాయ్, మువ్వ! మువ్వ!" అని సుమేరు ఎగిరిండు,
బొమ్మ చెదిరిపోయింది.
"ఫోను కదలనియ్యకురా" అని తిట్టిన.
ఇంకో జానెడు తోసిన.

పక్క దూలం ఎన్క ఎంట్రుకంత పగులు,
పగులు మీద బూడిదరంగు ఎం-సీల్ ముద్ద,
ముద్దల ఒత్తిన వేలిముద్ర.
సుళ్లు, సుళ్లకు అడ్డంగ కోత.
ఆ కోత నాకు లేతు మిషను పెట్టింది.

గుర్తొచ్చింది. నిమజ్జనం ముందటి రాత్రి.
"రేపు మస్తు రష్షుంటది, ఇప్పటికి కుక్కెయ్,
పండుగ అయినంక ఇప్పుదం."
పండుగ అయింది. ఇంకో పండుగ వచ్చింది.
నేను తిన్న, పన్న, మరిసిన.
అన్నేండ్లు
సెలవులకొచ్చిన జనం, కొత్త జంటలు,
ఒక్కపారే నలభైమంది బడిపిల్లలు
బుద్ధుని కాడికి పోయి, ఫోటోలు దిగి, మళ్ల ఒడ్డుకొచ్చిరి,
నా బొటనవేలు మీద.

దయానిధి సారు ఫోనుల చూసిండు.
కండ్లద్దాలు తీసి మళ్ల చూసిండు.
"ఇన్నేండ్లు ఆగింది గద, ఇంకో ముద్ద పెట్టు.
శనివారం బుకింగున్నది.
అసలీ కెమెరా ఎవడు కొనమన్నడు నిన్ను?"
నా దగ్గర జవాబు లేకుండె.
రిజిస్టరుల నా సంతకం గడి
ఖాళీగ ఇడిసిన, ఇది మొదటిసారి.
"వీడియో తీసినవారా?"
"తీసిన భాయ్" అన్నడు సుమేరు, మెల్లగ.
సారు కూడ ఇన్నడు.

గ్రైండరు పెట్టి అడుగుచెక్క కోసినం.
తెల్ల దుమ్ము. దాని కిందికెల్లి
ఎన్నేండ్లదో నిల్వ నీటి వాసన,
సుమేరు బయటికి ఉరికిండు.

మాపటికి మా ఇంటామె
సింకు కింద కూడ కన్ను పెట్టుమన్నది.
పెట్టిన. చింతపండు పిప్పి, ఒక చెంచా.
"ఈ చెంచా కోసమేనా ఆ పనామెను అనుమానపడ్డది" అన్న.
ఆమె ఏం మాట్లాడలే.

ఎం-సీల్ ముద్ద నా అంగీ జేబుల ఉన్నది.
పారేద్దమని తీసి, దీపం కింద
ఆ ముద్రల వేలు పెట్టి చూసిన.
పట్టలే.