తువాలు కింద

క్లాక్ టవర్ కాడ, జిరాక్స్ దుకాణం మీది గదిల
నాలుగు పనిముట్లు ముందేసుకొని కూసున్న.
బత్తాయి మార్కెట్‌కు లెక్కల సాఫ్ట్‌వేర్ కావాలన్నరు.
కోడ్ కన్నా ముందు బొమ్మ గీయాలె,
బొమ్మ కన్నా ముందు
దేంతోని గీయాల్నో తేల్చాలె.

మొదటిది మాటకారి.
"నువ్వు గీయి, కోడ్ నేను రాస్త" అంటది.
ముప్పై దినాల ముచ్చట దానిది.
ముప్పై ఒకటో నాడు నా పెట్టెలన్నిటి మీద
తన పేరే అడ్డంగ అచ్చేసింది,
ఎడ్లకు వాత పెట్టినట్టు.

రెండోది ఉచితం.
అది తెరుచుకునేలోపు
కిందికి దిగి చాయ్ తాగి
గ్లాసు కడిగిచ్చి రావొచ్చు.
ఏది గీసినా కాదనది.
మనిషి బొమ్మను తీస్కపోయి
పెట్టె లోపల కూసోబెట్టినా సరే అంటది.
అన్నిటికీ సరే అనేటోళ్లను
నేను తొందరగ నమ్మను.

మూడోది పంతులు.
బాణానికి పేరు లేదంటది.
రైతుకూ కమీషన్ దుకాణానికీ నడుమ
ఒకటికి ఎన్ని? అని అడుగుతది.
ఒకటికి ఎన్ని.
ఆ పొద్దంతా దాని మీదనే పోయింది.
మనిషిని పెట్టెల పెడితే ఎర్రగీత కొడతది:
మనిషి ఎప్పుడూ వ్యవస్థ బయటనే నిలబడాలెనట.

నాలుగోదాంట్ల చెయ్యితోని గీసుడే లేదు.
మాటలు రాస్తే గీతలు అదే గీసుకుంటది.
సబీహాకు అదే నచ్చింది.
"నిన్న ఏం రాసినం, ఇయ్యాల ఏం మార్చినం,
ఎవ్వలూ తప్పించుకోలేరక్కా" అన్నది.

నాలుగిట్లనూ "బత్తాయి" అని రాసి చూసిన.
ఒకదాంట్ల అన్నీ ఖాళీ డబ్బాలే వచ్చినయి.
ఇంకోదాంట్ల తకారం కింది వత్తు ఊడి
పక్కకు పడ్డది,
గ్రేడింగుల ఏరి పారేసిన కాయ లెక్క.
అదీ పట్టికల రాసుకున్న.
ధర, బరువు, తెలుగు,
కరెంటు పోతే గీసింది మిగులుతదా లేదా.

మూడో నాడు బుచ్చిరాములు మెట్లెక్కి వచ్చిండు.
మార్కెట్‌ల ముప్పై రెండేండ్ల గుమాస్తా.
అద్దాలు తుడుసుకొని
తెర మీద వేలు పెట్టి నడిచిండు:
ఆటో దిగిన కాయ, కుప్ప, పాట, కాంటా, తరుగు, చిట్టీ.
మళ్ల ఎనుకకు నడిచిండు.
"అంత బాగనే ఉన్నది బిడ్డా.
తువాలు ఏది?"

"ఏం తువాలు?"

భుజం మీదిది తీసి
నా చెయ్యి మీద కప్పి
కింద నా వేళ్లు పట్టుకున్నడు.
రెండు వేళ్లు. ఇంకోదాంట్ల సగం.
"గిప్పుడు ధర కుదిరింది" అన్నడు.
"నీ బొమ్మల గిది యాడున్నది?"

పంతులును అడిగిన: పేరు లేని బాణం తప్పన్నది.
నాలుగోదాన్ని అడిగిన: మాటల చెప్పుమన్నది.
మాట లేకుంటనే కదా అది జరిగేది.

"తువాలు కింద ఎవరి చేతులు రాములన్నా?"
"కొనేటోనిది, అమ్మిపెట్టేటోనిది."
"మరి రైతుది?"
తువాలును మెల్లగ మడత పెట్టుకున్నడు.
ఒక మడత, మళ్లొక మడత.
"రైతు పక్కకు నిలవడతడు బిడ్డా."

నా తెర మీద
పెట్టె బయట
ఐదు గీతల పుల్ల మనిషి,
కింద "రైతు" అని పేరు.
కనగల్ నుంచి రాత్రంతా
కాయ మీద గడ్డి కప్పుకుంట వచ్చిన ముత్తిలింగం
ఆ ఐదు గీతలల్ల యాడున్నడో
నాకు కనవడలే.
పంతులు మాత్రం బొమ్మ సక్కగున్నదన్నది.
ఒక్క ఎర్రగీత కూడా లేదు.

పట్టికల కింద ఇంకో వరుస గీసిన: తువాలు.
నాలుగు గడులూ ఖాళీగనే ఉన్నయి.

పొద్దు గూకినంక సబీహా ఫోన్ చేసింది.
"ఏది ఖాయం చేసినవక్కా?"
నేను రెండోదాన్ని నొక్కి కూసున్న,
మనిషిని లోపలికి రానిచ్చేదాన్ని.
గిర్రున తిరుగుతున్నది.
"ఆగు," అన్న,
"ఇంకా తెరుచుకుంటున్నది."