ఏ గడిలో పెట్టను

సఖినేటిపల్లి రేవు దిగగానే
పెమ్మాడి ధనకొండ కొట్టు.
పటంలో చుక్క పెడదామని ఫోను తీశాను.

బంకా? అంది గడి.
పంపు లేదు, కూల్‌డ్రింకు సీసాల్లో
ఎర్రటి పెట్రోలుంది.
విడిభాగాలా?
మేకుకి రెండు ఫ్యానుబెల్టులు, కింద బ్రేకాయిలు,
దాన్నానుకుని ఎండు మెత్తళ్ల పొట్లం.

"చెరువులోళ్లు డీజిలు కొట్టంటారు,
కార్లోళ్లు ఆయిలు కొట్టంటారు.
అర్ధరాత్రి బండాగినోడు
పేరేవీ అనడు, తలుపు బాదుతాడు.
అదుందా నీ ఫోన్లో?"

లేదు.
'ఇంధనం' నొక్కి, చెరిపి,
'ఇతరములు' అన్నాను.
చుక్క పడింది, నడి గోదాట్లో.
ఈ మేట వెయ్యకముందు తీసిన బొమ్మట అది.

ధనకొండ తొంగి చూసింది.
సీసా మూత బిగిస్తూ అంది:
"ఉంచు. వరదలప్పుడు అదీ నిజవే."