కాగితం ముక్క

ఇరవై రెండేళ్లుగా నా జేబులో పనిముట్టు ఒక్కటే:
చిటికెన వేలంత కాగితం ముక్క.
పెదవుల ముందు పట్టుకుని పలకమంటాను.
కదిలిందా, తప్పు.
కదల్లేదా, అది మా జార్జియన్ 'క'.
గొంతుకి గడియ వేసి, ఊపిరి లోపలే ఆపి,
గింజ పగిలినట్టు టక్కున వదలాలి.
మా భాషలో నీళ్లయినా, కప్పయినా
ఆ చప్పుడు లేకుండా నోరు దాటవు.

మార్చిలో మార్నెవులి దారి మూసేశారు.
మినీబస్సు డ్రైవరు ఫోన్ చేసి
"ఇంట్లో ఉండండి, లమ్జీరా" అని పెట్టేశాడు.

రుస్తవిలో తొమ్మిదో అంతస్తు.
ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్,
ఎత్తు కోసం దాని కింద నిఘంటువు రెండు సంపుటాలు.
ఇన్నాళ్లకి వాటికి నిలకడైన ఉద్యోగం దొరికింది.

మొదటి పాఠం. పదకొండు గళ్లు, ఏడింట్లో చీకటి.
ఒకదాంట్లో ఎవరింటిదో కప్పు, వేలాడే బల్బు.
రోవ్షన్ లారీలోంచి, స్టీరింగుకి ఫోన్ ఆనించి,
వెనక బంగాళాదుంపల బస్తాలు.
సెవింజ్ కొత్తిమీర కట్టలు కడుతూ, తల ఎత్తకుండా.
"వినబడుతోందా?" అన్నాను.
"వినబడుతోందా?" అన్నారు.
ఆ సాయంత్రం నేను నేర్పిన వాక్యం అదొక్కటే.
అందరికీ నోటికొచ్చింది.

అసలు వినబడనిది వేరే ఉంది.
నేను కప్ప అంటే
వాళ్లకి మొదటి అక్షరమూ చివరి అచ్చూ చేరుతున్నాయి,
నడుమ గొయ్యి.
పక్కింటి కుర్రాడు గోడ అవతల నుంచే వివరించాడు:
యంత్రం చెత్త చప్పుళ్లు ఊడ్చేస్తుందట,
దగ్గులూ, తలుపులూ, అలాంటివి.
పదిహేను వందల ఏళ్ల మా అక్షరాన్ని
దగ్గు అనుకుంది.

ఎక్కడ నొక్కాలో చెప్పాడు, నొక్కాను.
పదకొండు ఇళ్లు ఒక్కసారిగా నా గదిలో వచ్చి పడ్డాయి.
కోళ్లు, పసిపాప, ట్రాక్టరు,
ఎవరి మామగారో వింటున్న వార్తలు,
అన్నిటి అడుగున, బురదలో, నా కప్ప.

టెల్లీకి అరవై మూడు.
మందు సీసా మీది రాత తనే చదువుకోవాలని చేరింది.
మైకు తీయడం మనవరాలి పని.
పెదవుల ముందు కాగితం పట్టుకుంది. పలికింది.
కాగితం కదల్లేదు. కొనైనా వణకలేదు.
"శభాష్!" అని చప్పట్లు కొట్టాను,
"చూడండి అందరూ, అదీ పలకడమంటే!"
అందరూ చూశారు.
కాగితం ఇంకా కదల్లేదు.
రెప్పలు కూడా.
బొమ్మే ఆగిపోయిందని అర్థమయ్యేసరికి
నా చప్పట్లు ఎవరి ఫోన్లోంచో తిరిగొచ్చి
నాకే వినబడ్డాయి.

గదిలో అయితే తెలిసేది.
అర్థంకాని వాళ్ల బెంచీ కిర్రుమంటుంది,
పెన్ను మూత నోట్లోకి పోతుంది.
ఇక్కడ అందరూ తల ఊపుతారు.
తల ఊపడానికి ఏ భాషా అక్కర్లేదు.

రాత్రి పదకొండు దాటాక ఫోన్. మామూలు ఫోన్, బొమ్మ లేదు.
"ముఅల్లిమా, అప్పుడు కరెంటు పోయింది.
నేను సరిగ్గా అన్నానా?"
అవునని చెప్పి పడుకోవచ్చు.
మళ్లీ అనమన్నాను.
నీళ్లు, అంది. గింజ పగల్లేదు.
నీళ్లు. లేదు.
ఏడోసారో ఎనిమిదోసారో ఏదో తగిలింది,
అన్నంలో రాయిలా.
అది ఆమె గొంతో, లైను గరగరో
ఇప్పటికీ చెప్పలేను.

"మరి మా నీళ్లు మీరొకసారి అనండి," అంది.
ఇరవై రెండేళ్లు విన్న మాటే.
నా నోటితో ఎన్నడూ అనలేదు.
"సూ."
"అంత పొడుగు కాదు. సు."
అలవాటు కొద్దీ కాగితం తీసి
పెదవుల ముందు పట్టుకున్నాను.
రెపరెపలాడింది.
ఈ భాషలో అది తప్పు కాదనుకుంటాను.
"మళ్లీ," అంది టెల్లీ.