వీపు మీద నంబరు

రేడియోవాడు అరనిమిషానికి అడిగింది
నీడియా కొట్టు నెల అద్దె.
మైకు కట్టుకు తిరిగే మోటార్‌సైకిలువాడికి
ఆమె పేరే నోరు తిరగలేదు.

రైల్వే వాడ పిల్లల జట్టుకి
పదకొండు చొక్కాలు ఊరికే కుట్టిచ్చింది,
వీపున కొట్టు పేరు, కింద ఫోన్ నంబరు.

ఆదివారం పైసాండులో
ఉరుగ్వే నది మీంచి వాన.
ఏడు గోల్స్ పడ్డాయి.
వలలోంచి బంతి తియ్యడానికి
గోలీ ఆదెమార్ వంగిన ప్రతిసారీ
జనమంతా నంబరు చదువుకున్నారు,
ఐదోసారికి కొందరు పైకే.

సోమవారం అవతలి జట్టు తల్లొకామె ఫోను:
"అంత బురదలో దొర్లాడా,
ఒక్క అంకె ఊడలేదే!
మావాళ్ళకి పద్దెనిమిది కావాలి."

సాయంత్రం ఆదెమార్ వచ్చాడు
ఉతికి మడిచిన చొక్కాతో.
"అత్తా, ఈసారి నంబరు
ముందువైపు వెయ్యవూ?"

ప్రెస్సు వేడెక్కేదాకా
నీడియా వాడి మొహం చూడలేదు.